సాలిం అడగని జెర్సీ

ఏళ్ల తరబడి ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుదామంటే ఈ ఊళ్లో ఎవరి ముందూ నోరు రాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఈ అరబ్బు దేశంలో రుస్తాఖ్ పట్నం దాటాక వచ్చే ఈ చిన్న ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్‌ను నడిపించింది నేనే. చూశారా, అప్పుడే మొదలుపెట్టాను. నడిపించలేదు. నేను టైలర్‌ని. ఆ క్లబ్ జెర్సీల మీద పేర్లూ నంబర్లూ వేడి ఇస్త్రీతో అంటించేవాణ్ని, అంతే. కాకపోతే ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో అందరికంటే ముందు నాకు తెలిసేది. అందుకని సాయంత్రమైతే అభిమానులు నా కొట్టు ముందు చేరేవాళ్లు. నేను గోరంత విషయానికి కాళ్లూ చేతులూ తగిలించి చెప్పేవాణ్ని. వాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. కాకినాడ నుంచి వచ్చిన ముసలాడి చుట్టూ అంతమంది మూగితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ ఏడు సగం సీజన్‌కి మా జట్టు పట్టికలో పైన ఉంది. ఇలాగే ఆడితే పై డివిజన్ ఖాయం. సరిగ్గా అప్పుడే క్లబ్ సాలింని అమ్మేసింది. సాలిం ఈ ఊరి కుర్రాడే, గోల్స్ కొట్టేది అతనే. సముద్రం వైపు పెద్ద క్లబ్ వాళ్లు కొన్నారు. ఆ డబ్బు రాకపోతే మిగతావాళ్లకు జీతాల్లేవు. వెళ్లనని సాలిం బతిమాలాడని సెక్రటరీయే నాతో అన్నాడు.

ఊరు భగ్గుమంది. మా పిల్లాణ్ని అమ్ముకున్నారు, ఇక గ్రౌండ్ మెట్లెక్కం అన్నారు. మ్యాచ్‌లకు డోలు వాయించే హమూద్ డోలు ఇంట్లో పెట్టి తాళం వేశాడు. అడిగితే తెలియదను, ఇంకేమీ మాట్లాడకు అని సెక్రటరీ నన్ను హెచ్చరించాడు. అతను అడిగింది మౌనమే. అబద్ధం నాది.

ఆ సాయంత్రం అందరూ కొట్టు ముందుకొచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వడం లేదు. ఒకళ్లిద్దరు వెళ్లిపోబోయారు. అప్పుడన్నాను. సాలిం ఎప్పుడో అమ్ముడుపోయాడనీ, ఆ పెద్ద క్లబ్ జెర్సీ తెచ్చి దాని మీద తన పేరు రహస్యంగా నా చేతే వేయించుకున్నాడనీ, వేసుకుని నా అద్దం ముందు మురిసిపోయాడనీ. నీ చేత్తోనే వేశావా అని అడిగాడు హమూద్. నా చేత్తోనే అన్నాను.

కోపం క్లబ్‌ని వదిలి సాలిం మీద పడింది. మెట్లు మళ్లీ నిండాయి, డోలు మోగింది, జట్టు పై డివిజన్‌కి వెళ్లింది. మరుసటి ఏడు సాలిం ఆ పెద్ద క్లబ్ తరఫున ఇక్కడ ఆడటానికొస్తే, అతని కాలికి బంతి తగిలిన ప్రతిసారీ ఊరంతా వీపు తిప్పి నిలబడింది.

మ్యాచ్ అయ్యాక అతను నేరుగా నా కొట్టుకొచ్చాడు.

"మాస్టర్, నీకు అన్నీ తెలుస్తాయిగా," అన్నాడు హిందీలో. "నేను వీళ్లకేం చేశాను?"

"నాకేం తెలుసు, బాబూ."

"హమూద్ నా సలాం కూడా తీసుకోలేదు. నాకు ఆట నేర్పినవాడు."

నేను మిషను మీదికి వంగి దారం ఎక్కిస్తున్నట్టు నటించాను. అతను వెళ్లిపోయాడు. తర్వాత అమ్మనీ నాన్ననీ కూడా ఈ ఊరి నుంచి తీసుకుపోయాడు.

క్లబ్ కోసమే అన్నానని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమేనా? క్లబ్ నాకేమిచ్చిందని? వెళ్లిపోబోతున్న ఆ ఇద్దరు వెనక్కి తిరిగి నా ముఖం చూడాలని అన్నాను. చూశారు కూడా. ఆ క్షణం ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది, అదే నన్ను భయపెడుతోంది.

హమూద్ ఇప్పటికీ చిన్నపిల్లలకు ఆ జెర్సీ కథ చెబుతుంటాడు. నేను పక్కనే కూర్చుని బొత్తాలు కుట్టుకుంటాను. రేపూ అలాగే కూర్చుంటానేమో.

సాలిం నా దగ్గరికి ఏ జెర్సీ తీసుకురాలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇదంతా రాశాను.