సింధు బూట్లు ఎక్కడికెళ్లొచ్చాయి

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు, కెనడాలో మరీను. మనుషులకే అద్దెకు గది దొరకని చోట దయ్యానికి ఖాళీ ఇల్లు ఎవరిస్తారు? విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న ఆ రోజుల్లో మా మాంక్టన్‌లో బేస్‌మెంట్ గోడకు బూజు పడితే, ఆ బూజుకు కూడా నలుగురు రూమ్మేట్లు ఉండేవారు.

మా బేస్‌మెంట్‌లో సింధు ఉండేది. వరంగల్ పిల్ల. చదువు పూర్తయింది, వర్క్ పర్మిట్ గడువు ముంచుకొస్తోంది. సముద్రం మీది వంతెన దాటితే వచ్చే ద్వీపంలో, షార్లెట్‌టౌన్ అనే ఊళ్లో ఒక హోటల్ వాళ్లు సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. అది వస్తే పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి, అప్లై చేసుకోవచ్చు. రాకపోతే పెట్టె సర్దుకోవడమే.

నేను కారు తీశాను. ఎలాగూ వెళ్తున్నాం కదా, అక్కడి పాత కేథడ్రల్ చర్చి, సముద్రపు ఒడ్డు కొండచరియలు చూసి వద్దామని మా ఆవిడ పద్మ ఇంటర్వ్యూని విహారయాత్ర చేసేసింది. ఆవిడ కలిపిన పులిహోర బరువుకు వంతెన నడుం కాస్త వంగింది.

ఇంతవరకు పెంచి చెప్పాను. ఇక్కడి నుంచి పెంచడం లేదు. నన్నెరిగినవాళ్లు అలవాటు కొద్దీ నా మాటలు సగానికి తగ్గించి చదువుతారు. ఈ ఒక్కసారికి తగ్గించకండి.

ఇంటర్వ్యూకి ఇంకా సమయం ఉంది. దండం పెట్టుకుని వెళ్తానంది సింధు. కేథడ్రల్ మెట్ల మీద ముగ్గురం ఏమీ అనుకోకుండానే బూట్లు విడిచేశాం. అక్కడ ఎవరూ విడవరు. కానీ దేవుడెవరైనా సరే, గడప కనిపిస్తే మన కాళ్లు బూట్లలో ఆగవు. సింధువి నల్లటి ఇంటర్వ్యూ బూట్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, ఎడమ మడమ రబ్బరు ఒక మూల ఊడిపోయి ఉంది. అయినా అద్దంలా పాలిష్ పెట్టుకుంది.

మధ్యలో నేను పార్కింగ్ మీటరు చూసుకోవడానికి ఓసారి బయటికి వెళ్లొచ్చాను. అప్పుడు ఆ బూట్లు పొడిగా, బుద్ధిగా ఉన్నాయి. ఆ వెళ్లడమే నా కొంప ముంచింది.

కాసేపటికి ముగ్గురం బయటికొచ్చాం. నా బూట్లు, పద్మ బూట్లు ఎలా విడిచామో అలాగే ఉన్నాయి. సింధు బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. లోపల ఎర్రమట్టి, ఒకదాన్లో పచ్చటి నాచు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. మెట్ల మీద మాత్రం ఎక్కడా తడి అడుగు లేదు.

ఇద్దరూ నావైపు తిరిగారు.

“ఏవండీ, అమ్మాయి బతుకు ప్రశ్న ఇది. ఇప్పుడా మీ వేళాకోళం?” అంది పద్మ.

“నేను కాదే.”

“పాట్‌లక్ విందులో మైసూర్‌పాక్ అని సబ్బుముక్క పెట్టినప్పుడూ ఇదే మాటన్నారు.”

హార్బర్ ఆ పక్కనే కదా, ఎవరో ఆకతాయి చేసుంటాడన్నాను. “ఈ ఊళ్లో మనమెరిగిన ఆకతాయి మీరొక్కరే” అంది పద్మ. ఇన్నేళ్లలో ఎన్నో చేశాను, సగం దొరకలేదు. చేయనిదానికి నడివీధిలో దొరికిపోయాను. ఎంత మొత్తుకున్నా వినరే.

సింధు పద్మ వాకింగ్ షూస్‌లో మునివేళ్ల వైపు టిష్యూ పేపరు కుక్కి, వాటితోనే ఇంటర్వ్యూకి వెళ్లింది. పద్మ సాక్సులతో కార్లో కూర్చుని నాతో మాట్లాడటం మానేసింది.

ఉద్యోగం వచ్చింది. సోమవారమే చేరమన్నారు, ఉండడానికి గది కూడా ఇస్తామన్నారు. ఆ సంతోషంలో నాకూ పులిహోర దక్కింది, వడియాలు మాత్రం ఇవ్వలేదు.

అక్కడి నుంచి అరగంట దూరంలో, ద్వీపం అవతలి ఒడ్డున ఉన్న కొండచరియలకు వెళ్లాం. నేలంతా ఎరుపే. పొద్దున వాన పడినట్టుంది, మట్టి మెత్తగా ఉంది. వాళ్లిద్దరూ వాష్‌రూమ్‌కి వెళ్లొచ్చేదాకా నేను కారు దగ్గరే నిలబడ్డాను. తడి బూట్లు డిక్కీలో, ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి.

దారి పక్కన జనం దాటకుండా తాడు కట్టారు. ఆ తాడు అవతల, గడ్డి దగ్గర మొదలై అంచుదాకా ఒకే వరుస అడుగులు. ఆడవాళ్ల బూట్లవి. ఎడమ మడమ ముద్రలో ఒక మూల లేదు. వెళ్లిన అడుగులే ఉన్నాయి, తిరిగొచ్చినవి లేవు.

వీళ్లని ఇంకోవైపు మళ్లిద్దామనుకునేలోపే సింధు చూసేసింది. కారు తాళం అడిగి తీసుకెళ్లి ఒక బూటు తెచ్చింది. వంగి, తాడు కింద నుంచి చెయ్యి చాచి మొదటి అడుగులో పెట్టింది. సరిగ్గా కూర్చుంది.

అప్పుడు చల్లగాలి వీచిందని రాయాలని నా చెయ్యి దురద పెడుతోంది. వీచలేదు. ఎండ బాగానే ఉంది. పక్కనే ఒక కుటుంబం ఐస్‌క్రీం తింటోంది.

“నేనీడ ఉండ ఆంటీ. జాబ్ వద్దు, పీఆర్ వద్దు. ఇంటికి పోత” అంది సింధు.

సింధు నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. “అంకుల్, మీరే చేసిన్రు కదా. ఆడా, ఈడా మీరే కదా. ఒక్కసారి చెప్పండి.”

పొద్దుటి నుంచి నేను కాదని ఒట్లు వేస్తూనే ఉన్నాను.

“నేనే” అన్నాను. “మీరు వాష్‌రూమ్‌కి వెళ్లినప్పుడు సెల్ఫీ కర్రకు బూటు కట్టి అద్దాను.”

మా కార్లో సెల్ఫీ కర్ర లేదని పద్మకు తెలుసు. అంత పొడుగు కర్ర భూమ్మీదే లేదనీ తెలుసు. ఏమీ అనలేదు. సింధు నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి తిట్టి, ముక్కు తుడుచుకుని, సోమవారానికి ఏమేం సర్దుకోవాలో పద్మను అడగడం మొదలుపెట్టింది.

ఇప్పుడామెకు పీఆర్ వచ్చింది. ఆ ఊళ్లోనే ఉంటోంది, ఆ కేథడ్రల్ ముందు నుంచే రోజూ పనికి నడిచి వెళ్తుంది. ఈ కథ ఆమె చెప్పని తెలుగు ఫంక్షన్ లేదు. నేను వస్తున్నానంటే జనం బూట్లు చంకలో పెట్టుకుంటున్నారు. నోరు విప్పడానికి లేదు.

ఇది చదివినా సింధు నమ్మదు. అంకుల్ మళ్లీ మొదలుపెట్టాడనుకుంటుంది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఆ బూట్లు తొడుక్కుని అంచుదాకా నడిచిందెవరో, వాళ్లు తిరిగిరాకుండా బూట్లు మాత్రం మెట్ల మీదికి ఎలా తిరిగొచ్చాయో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. నేను మాత్రం కాదు.