అక్క అడిగిన దిబ్బరొట్టె

ఇవాళ మనవరాలు దిబ్బరొట్టె మాడిస్తే కసిరాను గానీ, ఆ వాసనకు రేపల్లెలో ఒక దీపావళి గుర్తొచ్చింది.

కామెర్లతో మంచం పట్టిన అక్కకు నెల్లాళ్లుగా ఉప్పూ నూనే లేని పథ్యం. ఆ పొద్దున డాక్టరుగారు చూసి, "ఏమడిగితే అది పెట్టండమ్మా" అని అమ్మతో చెప్పి వెళ్లారు. అక్క దిబ్బరొట్టె అడిగింది. చుక్కలు లెక్కపెట్టి వాడే అమ్మ, ఇనప మూకుడు నిండా నూనె పోసి పిండి వేసింది. మూత మీద నిప్పులు పరిచింది.

"అక్కకి తగ్గిపోయిందా అమ్మా?"

అమ్మ మూత మీది నిప్పులు సర్దింది.

అక్క అంచు కొరికి, మిగతాది నాకిచ్చేసింది.

"పథ్యం అయిపోయిందిగా, రేపట్నుంచి నీళ్లు నువ్వే మొయ్యక్కా" అన్నాను నములుతూ.

"అట్టాగేలేవే తిండిపోతూ" అంది.

డాక్టరుగారి మాటకు అర్థం నాకు నాలుగో రోజున తెలిసింది. అక్కకు అప్పటికే తెలుసనుకుంటాను.