దొరకని హెడర్ ఫైలు

కర్నూలులో ఒక చిన్న కంపెనీలో, బోరు మోటార్లను నడిపే బోర్డులకు ప్రోగ్రాం రాసే నఫీసా, తప్పు దొరకనప్పుడు దుపట్టా కొసను వేలికి చుట్టుకుంటుంది. ఆ రోజు పొద్దుటి నుంచీ చుట్టుకుంటూనే ఉంది. బోర్డు వివరాలుండే, దానికి సరిపడే హెడర్ ఫైళ్లను ఏ ఫోల్డరులో వెతకాలో ఎన్నిసార్లు చెప్పినా, ప్రోగ్రామును బోర్డు భాషలోకి మార్చే కంపైలరు ఆమె కొత్త ల్యాప్‌టాప్ సొంత ఫైళ్లనే తీసుకుంటోంది. నిన్న అలా తయారైన ప్రోగ్రామును నెట్ ద్వారా బోర్డుకు పంపాకే కమలాపురం బత్తాయి రైతు పరమేష్ మోటారు ఆగిపోయింది. అతను ఫోన్ చేశాడు.

"చీనీ చెట్లు వాడిపోతాండాయి మేడమ్. తప్పు యాడుండాది?"

"నా దగ్గరే ఉండాదన్నా. దొరకడంల్యా."

కంపైలరు వెతికే ఫోల్డర్ల వరుస మార్చి మళ్లీ కంపైల్ చేసింది. ఈసారి ఏ తప్పూ చూపలేదు. పంపి, "ఇప్పుడు చూడన్నా" అంది ఆశగా. పరమేష్ ఫోనును మోటారు దగ్గర పెట్టాడు. మోటారు చప్పుడు లేదు, తోటలో పిట్టల అరుపులే వినిపించాయి. నఫీసా దుపట్టా కొసను మళ్లీ వేలికి చుట్టుకుంది.