గాలికి పోయేదాన్ని పోనిచ్చే మనిషి

"జేబులోంచి ఐదువందల నోటు గాలికి ఎగిరిపోతే ఏం చేస్తావు?"

ఆరేళ్ల కిందట నెల్లూరులో నరేంద్రబాబు కెజియాను అడిగిన ప్రశ్న ఇది. విమానాల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి ఆయన. చెన్నైలో విమానం దిగాక చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టడం, సామాను దించడం లాంటి పనులకు ఒక కాంట్రాక్టరు తరఫున మనుషుల్ని ఎంపిక చేస్తున్నాడు. ముందు వచ్చిన పదిమందీ "వదిలేస్తాం సార్" అన్నారు. కెజియా మాత్రం, "పరిగెత్తి పట్టుకుంటా. మీరు పట్టుకోరా?" అంది.

ఆయన మొదట రాసుకున్న పేరు ఆమెదే. "వాళ్లు పదిమందీ అబద్ధం చెప్పినారు. పరిగెత్తుతానని తెలిసినదానికి నిలబడడం నేర్పొచ్చు" అన్నాడు.

పరిగెత్తడం ఆమె ఒంట్లో ఉంది. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున పుట్టి పెరిగింది. తల్లి ప్రేమలీల ఇసుకలో నెత్తళ్లనే చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. కాకులకు అడ్డంగా కప్పిన పాత వల గాలికి లేచిందంటే చంకలో బిడ్డ ఉన్నవాళ్లు కూడా పరిగెత్తాల్సిందే. పరిగెత్తని ఆడపిల్లకు ఆ ఒడ్డున సోమరి అని పేరు పడుతుంది.

విమానం దగ్గర లెక్క వేరు. ఇంజను నిదానంగా తిరుగుతున్నా సరే, వెనక నిలబడ్డవాణ్ణి విసిరికొడుతుంది, ముందుకు పోయినవాణ్ణి లోపలికి లాక్కుంటుంది. చెవులకు మూతలు పెట్టుకున్న మనిషికి ఇంజను ఆగిందో లేదో చెవి చెప్పదు. అందుకని విమానం పొట్ట కింద ఎర్రదీపం వెలిగి ఆరుతున్నంతసేపూ నేలమీద గీసిన గీత దాటకూడదు. టోపీ పోయినా, కాగితం పోయినా పోనివ్వాలి. ఈ సంగతి మీద గోడల నిండా సూక్తులు రాసి పెడతారు. పరిగెత్తేవాడు గోడలు చదవడు.

శిక్షణ రోజుల్లో కెజియా ప్రతి ఆదివారం బిట్రగుంటలో రైలు దిగి ఇంటికొచ్చేది, ఒడ్డునే నిలబడే సాధన చేసేది. మొదటి రెండు వారాలూ కాళ్లు ఆగలేదు. మూడో ఆదివారం గాలికి వల లేచింది. కెజియా కదల్లేదు.

"ఏందిమే అట్టా నిలబడ్డావు? కాళ్లు పడిపోయినాయా?" అని తల్లి అరిచింది.

"ఇదే నా ఉద్యోగంమా."

"కాకులకు చేపలు మేపేదానికి జీతమిస్తారంటనా?"

ఆ రోజు రెండు బుట్టల నెత్తళ్లు పోయాయి. కాళ్లు మాత్రం మాట విన్నాయి.

నిరుడు జూన్ నాటికి ఆమె నలుగురి జట్టుకు పెద్ద. జట్టులో అందరికంటే కొత్తవాడు పెంచల్, వాకాడు దగ్గర వరి పండించే ఇంటి పిల్లవాడు. లోపలికి రానిచ్చే పాసు ఎవరికి వాళ్లకు మెడలో ఉంటుంది. అది పోతే పోలీసు ఫిర్యాదు, జరిమానా, కొత్తది వచ్చేదాకా జీతం లేదు. అందరూ ప్రాణం తర్వాత పాసును చూసుకుంటారు. పెంచల్ ప్రాణం కంటే ముందే చూసుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం విమానం వచ్చి ఆగింది. ఎర్రదీపం ఇంకా ఆరలేదు. నలుగురూ గీత వెనక ఉన్నారు. సముద్రపు గాలి ఒక్క విసురు విసిరేసరికి పెంచల్ మెడ తాడు కొక్కెం ఊడి, పాసు సిమెంటు మీద జారుతూ ఇంజను వైపు పోయింది. దాని వెనకే పెంచల్. కెజియా అతని పచ్చ కోటు పట్టి లాగింది. కోటు ఊడి చేతిలోకొచ్చింది. రెండో చేత్తో నడుం బెల్టు పట్టుకుని వెనక్కి పడింది. అతనూ ఆమె మీద పడ్డాడు. పాసు ఇంజనులోకి పోయింది.

విమానం నాలుగు గంటలు ఆలస్యమైంది. మేనేజరు కామాక్షయ్య కాగితం ముందుకు తోశాడు. "పాసు గాలికి పోయిందని రాసెయ్. పరిగెత్తినాడని రాస్తే వాడి ఉద్యోగం ఉండదు."

"రాయొద్దక్కా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు పెంచల్.

"కాళ్లొద్దు. ఇంకా నడుం నొప్పిగా ఉండాది" అని కెజియా ఉన్నదంతా రాసింది. రాయకపోతే రేపు ఇంకొకడు పరిగెత్తుతాడు, వాడి బెల్టు ఎట్లాంటిదో ఎవరికి తెలుసు? చివర ఇంకో రెండు వాక్యాలు చేర్చింది: "పాసు కోటు బయట వేలాడడం పొద్దునే చూశాను. టైము లేదని ఊరుకున్నాను." తప్పు ఇద్దరిదీ అని కాగితం మీదికి ఎక్కాక ఒక్కణ్ణి తీసెయ్యడం కామాక్షయ్యకు కుదరలేదు. కెజియా పెద్దరికం మూడు నెలలు పోయింది. పెంచల్ రెండు వారాలు జీతం లేకుండా కూర్చుని, మళ్లీ శిక్షణకు పోయాడు. జరిమానా, కొత్త పాసు కలిపి మూడువేల రెండువందలు. అతని దగ్గర లేకపోతే కెజియా కట్టింది.

ఆమె ఊరికి వచ్చేసరికి, దేవదూత దిగివచ్చి ఆ పిల్లవాణ్ణి పట్టుకున్నాడని ప్రేమలీల వీధి వీధికీ చెప్పేసి ఉంది. ఆదివారం మందిరంలో పాస్టరు సమాధానం అయ్యగారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు. కెజియా తలమీద చున్నీ సర్దుకుని లేచింది.

"దూత కాదు అయ్యగారూ. బెల్టు. తోలుది గనక తెగలేదు."

"ఆ బెల్టు కట్టుకోవాలని వాడికి బుద్ధి పుట్టించినదెవరమ్మా?"

"వాళ్లమ్మ. ప్యాంటు వదులంట."

మందిరమంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వి, పాట ఎత్తుకున్నారు. ప్రేమలీల మాత్రం నవ్వలేదు. ఇంటికి పోయాక కూతురి నడుముకు ఉప్పు కాపడం పెట్టింది.

కెజియా మళ్లీ జట్టు పెద్ద అయింది. పొద్దునే అందరి పాసులూ కోటు లోపల ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూస్తుంది. కొత్తవాళ్లను ఐదువందల నోటు ప్రశ్న అడిగేది ఇప్పుడు పెంచల్. జీతం రోజు అతను ఆమెకు రెండువందలు ఇస్తాడు. ఇంకా పధ్నాలుగు వందలు బాకీ.