వందనాలు అనకమ్మా

నందిగామలో అద్దె ఇల్లు కావాలంటే డబ్బు ఒక్కటే చాలదు, ఒక ప్రశ్నకు జవాబు కూడా ఉండాలి. "మీరేవిట్లమ్మా?" కులం సంగతి ఎంత మర్యాదగా అడుగుతారో! చేతికి మజ్జిగ గ్లాసిచ్చి మరీ అడుగుతారు. కృపాజ్యోతి మొదట్లో పేరు పూర్తిగా చెప్పేది. చెప్పగానే "అయ్యో, మా తమ్ముడు దిగుతానన్నాడమ్మా" అనేవాళ్ళు. ఆ తమ్ముడు ఏ ఇంట్లోనూ దిగిన పాపాన పోలేదు. టులెట్ బోర్డు మాత్రం అలాగే వేలాడుతుండేది.

బసవమ్మగారి మేడమీద గది చూడబోయిన రోజున తెలివి తెచ్చుకుంది. "జ్యోతి అండి. హైస్కూల్లో లెక్కలు చెప్తా. మాది చెవిటికల్లు, నాన్నగారిది వ్యవసాయం." ఇందులో అబద్ధమేముంది? కూలికెళ్ళి చేసినా వ్యవసాయమేగా! బసవమ్మ తనకు కావలసింది తనే ఊహించుకుని తాళంచెవి చేతిలో పెట్టింది.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి తిప్పలు. పొద్దున లేస్తే స్టిక్కరు బొట్టు. శ్రావణమాసంలో పేరంటం. బైబిలేమో బియ్యండబ్బా వెనకాల. ఆదివారం చర్చికి జగ్గయ్యపేట దాకా బస్సులో పోయి, అక్కడ దిగి బొట్టు తీసి, తిరుగు బస్సెక్కేముందు మళ్ళీ పెట్టుకోవటం. ఛీ, ఇదేం బతుకని తనను తానే తిట్టుకునేది. బసవమ్మ చెడ్డదైనా బాగుండేది. కూరగిన్నెతో పైకొచ్చి "తిన్నావటే?" అని అడిగేది. ఆ ప్రేమ నిజమైనదే, అందుకే మరీ బాధ.

తల్లి లూర్దమ్మను మాత్రం రానిచ్చేది కాదు. ఎప్పుడొస్తానన్నా ఏదో ఒక వంక. చివరికి కూతురు జ్వరమొచ్చి మంచమెక్కిందని తెలిశాక తల్లి ఆగలేదు. కృపాజ్యోతి ఫోనులో బతిమాలింది.

"గేటు దగ్గర ఎవరన్నా కనిపిస్తే వందనాలు అనకమ్మా. నమస్కారమండి అను."

"నమస్కారమండి, నమస్కారమండి. వచ్చేసిందిలేవే!"

గేటు తీసింది బసవమ్మే. పుట్టినప్పట్నుంచీ చర్చిలో నోట నలిగిన మాట ఊరుకుంటుందా? "వందనాలమ్మా!" అనేసింది లూర్దమ్మ, నవ్వుతూ రెండు చేతులూ ఎత్తి.

బసవమ్మ ఆ బొట్టులేని నుదుటివంక చూసింది. "ఎవరు నువ్వు? ఎవరికోసం?"

మేడమెట్ల మీద దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది కృపాజ్యోతి. మా అమ్మండి. అంతే కదా అనాల్సింది! పోతే గది పోతుంది, పోనీ అనుకుంది. అనబోయింది కూడా. ఈలోగా లూర్దమ్మ తలెత్తి కూతురి ముఖం చూసింది.

"జ్యోతి టీచరుగారింట్లో పనిచేస్తానండి, ఊళ్ళో. అమ్మగారు గోంగూర పంపించారు."

"అదా! కంగారు పెట్టేశావు కదే. పైకెళ్ళు. చెప్పులు కిందే విడువు." కాసేపటికి బసవమ్మ పేపరు కప్పులో టీ తెచ్చి మెట్లమీద పెట్టి వెళ్ళింది.

గది తలుపు వేశాక లూర్దమ్మ కూతురి నుదురు తడిమి చూసింది. స్టిక్కరు చేతికి అంటుకొచ్చింది. దాన్ని జాగ్రత్తగా మళ్ళీ అదేచోట అంటించింది. "ఏడవమాకే పిచ్చిదానా. ఇల్లు దొరకటం కష్టమన్నావుగా" అంది.

సాయంత్రం తల్లిని సాగనంపటానికి దిగితే బసవమ్మ గేటు దగ్గరే ఉంది. "మంచి మనిషిలాగే ఉంది జ్యోతీ. వస్తా పోతా ఉండమను. నీ గిన్నెలు మాత్రం ముట్టుకోనివ్వకు."

ఇక అమ్మ ఎప్పుడైనా రావచ్చు.

"వెళ్ళొస్తానండి టీచరుగారూ" అంది లూర్దమ్మ. కన్నకూతుర్ని 'అండి' అంది. బసవమ్మ చూస్తూనే ఉంది.

"సరే లూర్దమ్మా, జాగ్రత్తగా వెళ్ళు" అంది కృపాజ్యోతి.