ఎవరూ వినని అరగంట

పరాయి దేశంలో మేముంటున్న ఈ చిన్న ఊరి సువార్త రేడియో ఎలా పుట్టిందో వార్షికోత్సవం నాడు చర్చి హాల్లో దాని అధ్యక్షుడు చెప్పాడు. కరువు తీరి వానలు పడ్డాయన్న సంతోషంలో ఒక గొర్రెల రైతు, టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో మొదలుపెట్టాడట. పొద్దున్నే ప్రార్థన, ఆ వెంటనే గొర్రెల ధరలు. మిగతా చరిత్ర ఆయన మింగేశాడు కాబట్టి నేను చెబుతాను. పాటలకు డ్రమ్ములు వాయించవచ్చా, కూడదా అని కొట్టుకుని కమిటీ రెండు ముక్కలైంది. గెలిచిన ముక్క ఆ రైతును ఇంటికి పంపించేసింది. ఇప్పుడు షెడ్డులో మనిషే లేడు. ఎక్కడో సిటీలో ఉన్న కంప్యూటరే పాడుతుంది, ప్రసంగిస్తుంది. మా ఊరి పేరు కూడా దానికి సరిగ్గా పలకదు.

మధ్యలో కొన్నాళ్ళు మేం వాళ్ళ కంట్లో పడ్డాం. ఆసుపత్రికీ గనికీ తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు వరసగా దిగుతుంటే కమిటీవాళ్ళకు ఆత్మల పంట చేతికందినట్టే అనిపించింది. ఆదివారం మధ్యాహ్నం అరగంట తెలుగుకిచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక రిటైరైన నర్సమ్మ దాన్ని నడిపేది. వాక్యం చదివి, ఒక పాట పాడి, మిగిలిన సమయమంతా కబుర్లు చెప్పేది. కరివేపాకు మొక్క మంచుకు మాడిపోకుండా చలికాలంలో గోనెపట్టా కప్పాలని నాకు తెలిసింది ఆవిడవల్లే.

మా అత్తగారికి వారం మొత్తానికీ ఆ అరగంటే. మావారూ నేనూ డ్యూటీల్లో ఉంటాం. పిల్లలు ఆవిడ తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో ఒక ముక్క పడేసి పోతారు. ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టి, కాఫీ గ్లాసు పట్టుకుని రేడియో ముందు కూర్చునేవారు. "ఔనమ్మా, మా పెరట్లోనూ అంతే," అని దానికి జవాబు చెప్పేవారు. తన యాసలో, తీరిగ్గా తనతో మాట్లాడే మనిషి ఈ ఊళ్ళో ఆవిడకు ఇంకెవరున్నారు?

ఒకరోజు, వినేవాళ్ళు ఫోన్ చేసి చెప్పకపోతే కార్యక్రమం ఆపేస్తామని కమిటీ ప్రకటించింది. మా తెలుగువాళ్ళెవరూ చెయ్యలేదు. వినక కాదు, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అందరూ వినేవాళ్ళే. ఒకసారి నేను ఓ డాక్టర్ అంకుల్ కార్లో ఎక్కితే, ఆయన స్టార్ట్ చెయ్యగానే నర్సమ్మ పాట వచ్చింది. ఆయన ఉలిక్కిపడి కట్టేశాడు. "స్టేషన్ ఆటోమేటిగ్గా మారిపోతోందమ్మా, సర్వీసింగ్‌కి ఇవ్వాలి," అన్నాడు. సగం రోజు కారు నడిపి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళే భక్తులు కదా, ఫోన్ చేస్తే మతంలో కలిసిపోయారని పక్కింటివాళ్ళు అనుకుంటారని భయం. ఆ పక్కింటివాళ్ళకూ అదే భయం. ఇంత చదువులకు ఇంత పిరికితనమా అని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అత్తగారు తానే చేస్తానంటే మావారు ఫోన్ లాక్కున్నారు. "నలుగురూ ఏమనుకుంటారమ్మా? కొంచెం థింక్ చెయ్యి!"

నేను చేశాను. ఒక్క ఇంటి కోసం నడపలేమన్నారు. అరగంట ఆగిపోయింది, నర్సమ్మ ఎక్కడో దూరాన టార్నీట్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

మేయర్ వస్తాడంటే మనవాళ్ళు ఎక్కడికైనా వస్తారు, వార్షికోత్సవానికీ వచ్చారు. "ఒకప్పుడు ఇండియన్ కార్యక్రమం కూడా పెట్టాం. పాపం, ఎవరూ వినలేదు," అన్నాడు అధ్యక్షుడు. మనవాళ్ళు లామింగ్టన్ కేకులు నములుతూ చప్పట్లు కొట్టారు.

అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఏవంటన్నాడే?"

"ఎవరూ వినలేదంటున్నాడత్తయ్యా."

ఆవిడ లేచి నిలబడ్డారు. "నేను విన్నానని చెప్పు. ఈళ్ళంతా విన్నారు. ఈళ్ళ ఇళ్ళకెళ్ళినప్పుడు నా చెవులారా విన్నా."

"అమ్మా, ప్లీజ్, కూర్చో," అన్నారు మావారు.

నేను ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. మనవాళ్ళంతా తేలు కుట్టిన దొంగల్లా కేకుల వంక చూస్తూ ఉండిపోయారు. అధ్యక్షుడు గుండెమీద చెయ్యి వేసుకుని, దేవుడు ఈ తల్లిని దీవించుగాక అని నవ్వి, మేయర్‌ను మాట్లాడమన్నాడు.

అత్తగారు ఇంకా నిలబడే ఉన్నారు. "ఏవన్నాడే? ఆ అరగంట మళ్ళీ ఏత్తాడంటనా?"

"దీవించాడత్తయ్యా," అన్నాను. "దీవెనకేం, ఊరికే వస్తుంది."