సర్దిన వైర్లు

ఆర్కెస్ట్రాలో అందరూ ఆయన్ని స్టీలాయన అంటారు. కొత్తగా చేరినవాళ్లు గిన్నెల కొట్టేమో అనుకుంటారు. ముప్ఫై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఒళ్లో స్టీల్ గిటారు పెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయిస్తాడు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

ఆ నెలంతా ఆ కోపం డిలే పెడల్ మీద. వాయించిన స్వరాన్ని కాసేపాగి మళ్లీ మళ్లీ వినిపించే చిన్న పెట్టె అది. కాలి కింది వాల్యూమ్ పెడల్‌ను మడమతో నొక్కి మూసేసినా ఆ ప్రతిధ్వని మెల్లగా మసకబారుతూ పోవాలి. ఇప్పుడేమో మడమ దించగానే గొంతు నొక్కినట్టు ఆగిపోతోంది. ఆర్కెస్ట్రా నడిపేది సొంత అల్లుడు. "శనివారం లోపు కుదరకపోతే మొదటి పాట ఎత్తుగడ కీబోర్డుకిచ్చేద్దాం మావయ్యగారూ," అన్నాడు, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. ఇరవై ఏళ్లుగా ఆ ఎత్తుగడ స్టీలాయనది.

అల్లుణ్ణి ఏమీ అనలేడు. పెట్టెను తిట్టాడు, భార్య మీద ఎగిరాడు.

"కీబోర్డు వాయిస్తే కొంపలు మునుగుతాయా? కాస్త సర్దుకుపోండి," అందావిడ.

"నీ అల్లుడు కదా, వెనకేసుకురా."

"మీకేమవుతాడో?"

గిటారూ, ఊడబీకిన పెట్టే పట్టుకుని బజారుకు బయల్దేరాడు.

వాయిద్యాల కొట్టావిడ మూడు డిలే పెడళ్లు తీసి, కొట్లోని వాల్యూమ్ పెడల్‌కు ఒక్కొక్కటే తగిలించింది. మొదటిది డిజిటల్. "జిరాక్సు తీసినట్టుంది. కడ్డీ తడబడ్డ ప్రతిచోటా రెండోసారి వేలెత్తి చూపిస్తోంది. తీసెయ్యమ్మా." రెండోది పాతదానిలాగే అనలాగ్ రకం, కానీ దుప్పటి ముసుగులోంచి పాడినట్టుంది. మూడోదీ అనలాగే. మడమ దించాక స్వరం పక్క గదిలోకి నడిచి వెళ్లినట్టు వెళ్లింది. అదే కొందామనుకున్నాడు.

"ఆ పాతదాని రోగమేమిటో చూద్దాం, ఇలా ఇవ్వండి బాబాయిగారూ," అంటూ ఆమె మూడోదాని చోట దాన్ని తగిలించింది. వాయించాడు. మడమ దించాడు. ప్రతిధ్వని నిలిచింది, మూడోదానికన్నా మెత్తగా.

"ఇంటి దగ్గర వాల్యూమ్ పెడల్ దీనికి ముందుందా, వెనకుందా?"

స్టీలాయన చెవులు వేడెక్కాయి. అది గిటారు వైపు, డిలేకి ముందుండాలి. వెనకుంటే స్వరంతో పాటు ప్రతిధ్వని నోరు కూడా అదే మూసేస్తుంది. నెల కిందట అల్లుడొచ్చి, "ఈ చిక్కుముళ్లేంటి మావయ్యగారూ, సర్దిపెడతాను," అని పెడళ్లన్నీ ఒక చెక్కకు బిగించి, వైర్లు అడుగున దాచి కట్టాడు. లిఫ్టు ఆగితే ముందు వైర్లు చూడమని ఎంతమందికో నేర్పిన తను, ఆ చెక్క ఒక్కసారి తిరగేసి చూడలేదు. అది ఇంకా మంట.

ఇంటికొచ్చి చెక్క తిరగేసి, కట్లన్నీ కత్తిరించి, వాల్యూమ్ పెడల్‌ను డిలేకి ముందుకు మార్చాడు.

"ఏమైందండీ?" అంది భార్య.

"సర్దింది అల్లుడు. సర్దుకుపోవాల్సింది నేనా?"

శనివారం రిహార్సల్లో ఎత్తుగడ వాయించి మడమ దించాడు. చివరి స్వరం గది మూలల దాకా పోయి అక్కడే కరిగింది. కీబోర్డాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"కొత్త పెడల్ అదిరింది మావయ్యగారూ. ఇక ఎత్తుగడ మీదే," అన్నాడు అల్లుడు.

"పాతదే అల్లుడుగారూ. తమరు సర్దకముందు ఎలా పలికేదో అలాగే పలుకుతోంది."

అల్లుడు నవ్వబోయి, వంగి, నేల మీద పడున్న వైరు అందుకోబోయాడు.

"తమరు దయచేసి చెయ్యి తియ్యండి," అన్నాడు స్టీలాయన.

అంత మర్యాదగా ఆయన జన్మలో ఎవర్నీ తిట్టలేదు.